తాళం తీసినా ఆగని కారు

మా వీధి చివర ఇనుప షట్టర్ ఉన్న షెడ్డు ఒకటుంది. చీకటి పడితే ఆ పక్కకి ఎవరూ పోరు. పిల్లలు మారాం చేస్తే తల్లులు "షెడ్డులో కూర్చోబెడతా" అని బెదిరిస్తారు.

బస్సు డ్రైవరుగా చేసి, చూపు తగ్గి ఇంట్లో కూర్చున్న పెద్దాయన ఒకాయన, తన ఇంటిని ఆనుకునే ఉన్న ఆ షెడ్డులో తన పాత కారు సీట్లోనే ప్రాణం వదిలాడు. షట్టర్‌కి లోపల గడియ. ఆ గడియ పగలగొట్టి చూస్తే ఇంజను నడుస్తూనే ఉంది. తాళంచెవి మాత్రం... ఆయన చొక్కా జేబులో ఉంది!

తాళం లేకుండా కారు ఎలా నడుస్తుంది? దెయ్యం నడిపిందన్నారు. అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను! పొగ పీల్చి పోయిన మనిషి మీద కథలు అల్లడానికి సిగ్గుండక్కర్లా? జరిగింది నేను ఆయన బావమరిది నోటి నుంచే విన్నాను. అతను కార్ల ఎలక్ట్రీషియన్.

కొన్నాళ్ళకి అతని అక్క, అంటే పెద్దాయన భార్య, అతన్ని పిలిపించింది.

"ఒరేయ్ తమ్ముడూ, దెయ్యాల సంగతి నాకొద్దు. మీ బావ కావాలని పోయాడా, కాదా? అదొక్కటి తేల్చు. ముద్ద దిగట్లేదురా."

ఆ రాత్రే వెళ్ళారు. షట్టర్ పూర్తిగా ఎత్తి ఆమె గుమ్మంలో నిలబడింది. అతను టార్చి వేసి బానెట్ ఎత్తాడు.

అది ఆరు వోల్టుల కాలం నాటి కారు. పెద్దాయన దాన్ని సొంతంగా పన్నెండుకి మార్చాడు — బ్యాటరీ, బల్బులు, ఇంజనుకి నిప్పురవ్వ అందించే కాయిలు, పాత డైనమో తీసేసి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు.

"ఒక్కమాట చెబితే నేనొచ్చి చేసేవాణ్ణి కదక్కా."

"ఆయన చెబుతాడా? 'మీ తమ్ముడు లాగు వేసుకోని రోజుల్లోనే నేను స్టీరింగు పట్టాను' అనేవాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ షెడ్డులో ఆ నవ్వు... వేరెవరిదోలా వినిపించిందట.

అతను బ్యాటరీ బిగించి, కాయిలుకి వచ్చే వైరుకి చిన్న టెస్ట్ ల్యాంపు తగిలించాడు. కరెంటు వస్తుంటే వెలగాలి, పోతే ఆరాలి. తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి ఇంజను అందుకుంది. ల్యాంపు వెలిగింది.

తాళం వెనక్కి తిప్పాడు. బయటికి లాగాడు.

ల్యాంపు ఆరలేదు.

తాళంచెవి అతని అరచేతిలో ఉంది... కారు మాత్రం తాపీగా నడుస్తోంది.

"ఆయనేరా..." అంది అక్క.

అతను ఒక్కో వైరూ తడుముతూ పోయాడు. ఆల్టర్నేటరు నుంచి డాష్‌బోర్డు మీది చార్జింగు దీపానికి పోయే సన్నటి వైరు చేతికి తగిలింది. పీకాడు.

ఠక్కున ఇంజను ఆగింది. ల్యాంపు ఆరింది.

"దెయ్యం కాదక్కా. తాళం తీసినా ఆల్టర్నేటరు కరెంటు ఈ దీపం దారిన వెనక్కొచ్చి కాయిలుకి అందుతోంది. అలా రాకుండా మధ్యలో, కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న డయోడు పెట్టాలి. బావ పెట్టలేదు."

ఆమె గుసగుసగా అడిగింది — "అయితే... తాళం తీసింది ఆయనేనా?"

"ఆయనే."

"లోపల గడియ పెట్టుకున్న మనిషి తాళమెందుకు తీస్తాడు?"

అతను అరచేతిలోని తాళంచెవి వంక చూశాడు.

"మనసు మారి ఉంటుందక్కా. ఆపాననే అనుకున్నాడో... ఆగలేదని తెలిసేసరికి లేచే సత్తువ లేదో..."

ధైర్యం చెబుదామని దగ్గరికి వెళ్ళాడు. "నిన్ను వదిలి పోవాలనుకోలేదు. అది మాత్రం ఖాయం."

ఆమె షట్టర్ పక్కన గోడకి ఆనుకుని జారి కూలబడింది.

"ఆ రాత్రి ఇంజను చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూనే ఉందిరా. పనిలో ఉండగా పిలిస్తే కసురుకుంటాడు కదా... అది ఆగాక అన్నానికి పిలుద్దామని... ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుందని... వింటూ కూర్చున్నాను."