స్టోర్‌రూమ్ దాటని వీడియో

దెయ్యాలకు జడిసే రకం కాదు చైతు. ఆ మాట చైతే చెప్పేవాడు — పగటిపూట, పదిమందిలో. చీకటిపడ్డాక మాత్రం, ఘాజియాబాద్‌లో వాళ్లుండే అద్దె ఇంటి స్టోర్‌రూమ్ ముందునుంచి వెళ్లాల్సి వస్తే, గొంతెత్తి పాడుకుంటూ పరుగెత్తేవాడట.

ఆ గదికున్న చెడ్డపేరు అలాంటిది. వాళ్లకు ముందు ఆ ఇంట్లో వీరరాఘవులనే పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా ఆ గదిలో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంటేగానీ వదిలేవారు కాదట. పోయాక కూడా... ఆ అలవాటు పోలేదట. "బేటా, ఉధర్ మత్ జానా," — అటు పోకు బాబూ — అని కింది వాటా పంజాబీ ఆంటీ కళ్లు పెద్దవి చేసి మరీ చెప్పింది.

2006 జనవరి. సాయంత్రానికే చీకటి, కిటికీ బయట పొగమంచు. వెనక గదిలో చైతు కంప్యూటరు, ముందుగదిలో అక్క వైశాలిది. రెంటినీ కలిపే వైరు — సరిగ్గా ఆ స్టోర్‌రూమ్‌లోంచే వెళుతుంది. ఇన్నాళ్లూ దాంట్లో నత్తనడక నెట్ తప్ప బరువైనదేదీ పోలేదు.

వైశాలి నాట్యం వీడియో చైతు కంప్యూటర్లో ఉంది. డీవీడీ రాసే డ్రైవేమో వైశాలిదాంట్లో. ఆ డీవీడీ ఎల్లుండిలోగా హైదరాబాద్‌లో నాట్యకళాశాలకు చేరకపోతే, వైశాలికి ఈ ఏడాది సీటు లేనట్టే. తీసుకెళ్లాల్సిన కోటయ్య బాబాయ్ మఫ్లర్ చుట్టుకుని, రైలు తలుచుకుంటూ సోఫా అంచున కూర్చునున్నాడు.

కాపీ మొదలైంది. మిగిలిన సమయం — గంట. కాసేపటికి... మూడు గంటలు. ఇంకాసేపటికి... ఏడు!

"ఒరేయ్, ముందుకెళ్తోందా, వెనక్కొస్తోందా?"

"ఆగవే అక్కా..."

చైతు యాంటీవైరస్ ఆపాడు. రెండు కంప్యూటర్లూ ఆపి మళ్లీ పెట్టాడు. ముందుగదిలో, కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే స్విచ్చి డబ్బాకున్న వైరు పీకి ఇంకో కంతలో దూర్చాడు. పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది. వీడియో మాత్రం చుక్కచుక్కగా...

"వైరు మీద ఏదైనా పడిందేమో. స్టోర్‌రూమ్‌లో చూసిరా," అంది వైశాలి.

"నేనా?"

"కాదు, వీరరాఘవులుగార్ని పంపు."

టార్చి పట్టుకుని తలుపు తోశాడు. లోపల బల్బు ఎప్పుడో మాడిపోయింది. వైరు వెంబడే వెలుగు... గోడవార... మూలకు...

మూలలో తెల్లచీర.

ఛాతీ ఎత్తున. తల లేదు. చల్లగాలి ముఖానికి తగిలింది... చీర కదిలింది.

చైతు గుసగుసగా బతిమాలాడు. "వీరరాఘవులుగారూ... మీరు చీర కట్టుకోవడమేంటండీ... సరే, అదలా ఉంచండి... వీడియో వదిలేయండి, మీ కాళ్లు పట్టుకుంటా... అక్కకి ఏడాది పోతుంది..."

భుజమ్మీద చెయ్యి పడింది!

"కూలర్‌తో ఏం మాటల్రా?"

అమ్మ జానకీదేవి. చలికాలమని కూలర్‌ని మూలకు నెట్టి, దుమ్ము పడకుండా తెల్లగా వెలిసిపోయిన తన పాతచీర కప్పింది ఆవిడే. పగిలిన కిటికీలోంచి గాలి కొడుతోంది. వైరు మీద మాత్రం... ఏమీ లేదు.

వైశాలి ఇక ఆగలేదు. చైతు సీపీయూని చంటిపిల్లాడిలా ఎత్తుకొచ్చి స్విచ్చి డబ్బా పక్కన దింపింది. మోడెంతోపాటు వచ్చిన మూరెడు వైరు తగిలించింది. వీడియో వరదలా వచ్చిపడింది. డీవీడీ ఇంకా వెచ్చగా ఉండగానే బాబాయ్ సంచిలోకి చేరింది.

"అయితే దెయ్యం ఆ పొడుగు వైరులోనే ఉందన్నమాట," అంటూ వైశాలి రెండు వైర్ల ప్లగ్గులూ లైటు కింద పట్టి చూసింది. "దీంట్లో చారల తీగె, సాదా తీగె... ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి. నీ వైరులో సాదావన్నీ ఓ పక్క, చారలవన్నీ ఓ పక్క! జత తీగెలు విడిపోతే సిగ్నల్ చెదిరిపోదూ? ఎవడ్రా బిగించింది?"

"అదీ... కొట్టువాడు..."

బాబాయ్ లేచి సెల్‌ఫోన్ తీశాడు. "నంబరు చెప్పు. రైలెక్కేలోపు వాణ్ణి కడిగేస్తా."

"ఫోనొద్దు బాబాయ్..." చైతు మాట దాదాపు వినబడలేదు. "నేనే బిగించా. వరస గుర్తురాలేదు. లోపలివి కనబడే ప్లగ్గు కదా... అలా పెడితే రంగులు ముచ్చటగా ఉన్నాయనీ..."