తెరిచి ఉంచిన కార్డు

ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన లేచి, అలవాటు ప్రకారం మంచం మీంచే మధ్య గదివైపు చూశాడు. తెర నల్లగా ఉంది.

ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఆ చిన్న గది. సర్వరు అందులోనే ఉంటుంది. ఆ దుకాణంలో కళ్ళు చూపించుకున్న ప్రతి మనిషికీ దానిలో ఒక కార్డు ఉంది. ఏ కంటికి ఎంత పవరు, ఏ ఫ్రేము, అద్దాలు ఎప్పుడు మార్చారు, అన్నీ. రెండేళ్ళుగా ఆ తెర రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. ఇవాళ సర్వరు పెట్టెలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఇంకేమీ రావడం లేదు. బటను నొక్కాడు. వంటగదిలోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళాడో మరిచిపోయి, తిరిగొచ్చి మళ్ళీ నొక్కాడు. అప్పుడు కూతురికి ఫోను చేశాడు.

ఆయన తనంతట తాను ఫోను చెయ్యడు. రోజూ సాయంత్రం బస్సులోంచి ఆమే చేస్తుంది. "బాగున్నావా నాన్నా?" "బాగున్నానమ్మా." "రాత్రి కార్డుల ప్రోగ్రాం మూసేస్తున్నావుగా?" "ఆఁ, మూస్తున్నాను." బస్సు రెండో స్టాపు దాటకముందే మాటలు అయిపోతాయి.

"ఏమైంది నాన్నా?" అంది కంగారుగా.

"నాకేం కాలేదే పిచ్చుకా. పెట్టె పోయినట్టుంది."

"హమ్మయ్య, అంతేనా! ప్రాణం పోయిందనుకో. పెట్టె పోతే పోనీ, బ్యాకప్ ఉందిగా. కొత్తది పట్టుకొచ్చి గంటలో లేపేస్తాను."

ఆమె ఉద్యోగమే అది. పెద్ద కంపెనీలో డేటాబేసులకు కాపలా. తల్లి పోయిన వారానికి ఒక మధ్యాహ్నం కూర్చుని నాన్న సర్వరుకు కూడా బ్యాకప్ పెట్టింది. తెల్లవారుజామున సర్వరులోని ఫైళ్ళు అల్మరాలో ఉన్న వేరే డిస్కులోకి కాపీ అవుతాయి. ఆరింటికి ఆమె ఫోనుకి ఆకుపచ్చ టిక్కుతో మెయిల్ వస్తుంది: బ్యాకప్ విజయవంతం. రెండేళ్ళలో మెయిల్ ఒక్కరోజు తప్పలేదు. ఈ ఉదయం రాలేదన్న సంగతి ఆమె గమనించలేదు. వచ్చినవాటిని మాత్రం ఏనాడు తెరిచింది కనక?

పదింటికల్లా కొత్త మిషన్ మోసుకుని వచ్చింది.

"ఏంటి నాన్నా, ఇల్లు ఇంత చప్పుడు లేకుండా ఉంది?"

"చప్పుడు చేసేది అదొక్కటేగా. అదీ మానేసింది."

ఆమె నవ్వి, తల్లి కుర్చీలో కూర్చుంది. కుర్చీ మీద దిండు ఎడమ పక్కకి అణిగి ఉంది. తల్లి అలాగే ఒరిగి కూర్చునేది. కూతురు డిస్కు తగిలించి, కాపీని వెనక్కి రప్పించడం మొదలుపెట్టింది. తండ్రి గుమ్మానికి చేరగిలబడి చూస్తున్నాడు.

"వచ్చేసింది, చూశావా? పరీక్ష పెట్టు. ఈమధ్య ఎవరొచ్చారో చెప్పు."

"దర్జీ ఆయనది చూడు. పోయిన బుధవారమే పవరు మార్చాను."

దర్జీ కార్డు తెరిచింది. అందులో ఆఖరి తారీకు మూడేళ్ళ కిందటిది.

"బస్సు డ్రైవరు?"

ఆయనకి కార్డే లేదు. సంగీతం టీచరమ్మకీ లేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. కార్డులన్నీ తారీకుల వరసన పేర్చింది. అన్నిటికన్నా చివరిది, ఆమె ఈ కుర్చీలో కూర్చుని బ్యాకప్ పెట్టిన రోజుది. ఆ తరవాత ఒక్కటీ లేదు.

బ్యాకప్ రాసుకున్న చిట్టా తెరిచింది. రోజుకో పంక్తి, మొదటిది తప్ప పైనుంచి కిందికి ఒకటే మాట. ఒక ఫైలు వాడుకలో ఉంది, వదిలేశాను. ఆ ఒక్క ఫైలే కార్డులన్నీ ఉండే డేటాబేసు. దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న చిల్లరంతా రెండేళ్ళు బుద్ధిగా కాపీ చేసింది.

"నాన్నా, సాయంత్రం ప్రోగ్రాం మూసి పడుకోమని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మూశావా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చొక్కాతో తుడవొద్దని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది ఆయనే.

"మొదటిరోజు మూశాను."

"మొదటిరోజా! మరి నేను రోజూ అడుగుతూనే ఉన్నాను కదా నాన్నా! అడిగినప్పుడల్లా మూస్తున్నాననే చెప్పావు. పచ్చి అబద్ధమాడావు!"

"బాగున్నావా అని కూడా అడుగుతున్నావు కదమ్మా. దానికీ బాగున్నాననే చెప్పాను."

ఆమె కీబోర్డు పక్కకి నెట్టి ఆయనవైపు తిరిగింది.

"మూస్తే గది చీకటైపోతోందే," అన్నాడాయన. "మీ అమ్మ కార్డు తెరిచి పెట్టుకునేవాణ్ణి. నిద్రపట్టకపోతే ఇటు తిరిగితే కనబడుతుంది. దుకాణం పని అయ్యాక రోజూ మళ్ళీ దానిమీదే పెట్టి వదిలేసేవాణ్ణి. దానివల్ల ఇంత జరుగుతుందని తెలిస్తేనా..."

కార్డు నంబరు ఒకటి. ప్రోగ్రాం కొత్తగా పెట్టినప్పుడు సరిగా నడుస్తోందో లేదోనని తల్లి ముందు తన కార్డే కొట్టుకుంది. వివరాల గడిలో ఏం రాయాలంటే ఆయన చెప్పాడు, ఆమె నవ్వుకుంటూ కొట్టింది: ఈవిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది.

ఇంకా అరుద్దామని కూతురు నోరు తెరిచింది. అంతలో గుర్తుకొచ్చింది. బ్యాకప్ పెట్టిన రెండోరోజు నుంచి వారం పాటు రోజూ ఒక హెచ్చరిక వచ్చేది, ఫైలు తెరిచి ఉందని. విసుగుపుట్టి, బస్సులో నిలబడే ఫోను తీసి ఒక గడిలో టిక్కు పెట్టింది. తెరిచి ఉన్న ఫైళ్ళను వదిలెయ్, హెచ్చరించకు. మర్నాటి నుంచి అంతా ఆకుపచ్చే.

"నీ తప్పు కాదు నాన్నా. అది చెప్తూనే ఉంది. నేనే దాని నోరు మూయించాను."

"మీ ఆఫీసులో కూడా ఇలాగే పెడతారా?" అని అడిగాడు. దెప్పుదామని కాదు, తెలియకే.

"పెట్టం. అక్కడ ప్రోగ్రాం తెరిచి ఉన్నా కాపీ తీసే ఏర్పాటు చేస్తాం. నెలకోసారి ఆ కాపీని ఇంకో మిషన్‌లో తెరిచి చూస్తాం, నిజంగా పనికొస్తుందా అని."

"దానికి పని ఎక్కువ పడుతుందేమోలే," అన్నాడు తండ్రి.

పడదు. ఇంకో గంట పడుతుంది. ఆ మాట ఆమె చెప్పలేకపోయింది.

"మీ అమ్మ కొట్టినవి?"

"అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు. పోయినవి నువ్వు కొట్టినవే."

"అయితే ఫర్వాలేదు." ఆయన ముఖం తేటపడింది. "నావేగా. పోతే పోనీ."

"ఫర్వాలేదా?" అంది ఆమె. "రెండేళ్ళు నాన్నా! రెండేళ్ళలో నువ్వేం చేశావో ఎక్కడా లేకుండా పోతే ఫర్వాలేదా?"

ఆయన బల్ల కింద నుంచి చెప్పుల డబ్బాలు రెండు లాగాడు. నిండా చిన్న కాగితం కవర్లు. అద్దాలు ఈ కవర్లలోనే వస్తాయి, పైన పవరు రాసి ఉంటుంది, పక్కన మనిషి పేరు ఆయన రాసుకుంటాడు. ఒక్కటీ పారెయ్యలేదు.

"చదువుతాను, కొట్టుకుంటావా? మీ అమ్మా నేనూ అలాగే చేసేవాళ్ళం."

చదివాడు. ఆమె కొట్టింది. కవరు మీద పేరూ పవరూ ఉన్నాయి, మిగతాదంతా ఆయన నోట్లో ఉంది. దర్జీ ఆయనకి సూదిలో దారం ఎక్కడం లేదని ఏడుపొకటే తక్కువ. బస్సు డ్రైవరు అద్దాలు చేయించుకున్నా పెట్టుకోనంటాడు, ఉద్యోగం పోతుందని భయం. టీచరమ్మ ప్రతి నెలా ఫ్రేము వదులైందని వస్తుంది.

"వదులవ్వదు. ఆవిడా ఒక్కతే ఉంటుంది. కాసేపు కూర్చుని వెళ్తుంది."

"అదీ రాయనా?"

"రాయకు. చదువుకుంటే చిన్నబుచ్చుకుంటుంది."

నలభై కవర్లు అయ్యేసరికి ఆమె ఒకటి గమనించింది. ప్రతి కవరూ చదవడానికి ఆయన తల ఎడమకి తిప్పి, కుడి కంటికి దగ్గరగా పట్టుకుంటున్నాడు.

"నాన్నా, నీ కార్డు ఏది?"

"ఉండేది. పోయిందిగా."

"చెప్పు, కొడతాను."

ఆయన కవర్లు సర్దుతూ చెప్పాడు. "కుడి కన్ను, పాత పవరే. ఎడమ కన్ను..." ఆగాడు. "మూడడుగుల దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలడు. అంతే."

"ఎప్పటినుంచి?"

"ఏడాది దాటింది. పొరేలే, తీసేస్తే చూపొస్తుంది. ఆస్పత్రికి వెళ్ళాను కూడా. వెంట ఒక మనిషి ఉంటేనే చేస్తామన్నారు. నీకు ఆఫీసు కదా, ఎవరిని తీసుకెళ్దామా అని..."

ఆమె తండ్రి చేతిని పట్టుకుని, తల వాల్చి ఏడ్చింది. ఆయన రెండో చేత్తో ఆమె జుట్టు నిమిరాడు. "ఊరుకోవే పిచ్చుకా, కీబోర్డు తడుస్తుంది," అన్నాడు.

సాయంత్రానికల్లా బ్యాకప్ మళ్ళీ పెట్టింది, ఈసారి ఆఫీసులో పెట్టినట్టు. ఆ గడిలో టిక్కు తీసేసింది. తండ్రి వచ్చి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పేవాడిలా, ప్రోగ్రాం మూయడానికి మౌసు పట్టుకున్నాడు.

"మూయక్కర్లేదు నాన్నా. తెరిచి ఉన్నా తీసుకుంటుంది."

ఒకటో నంబరు కార్డు తెచ్చి తెర మీద పెట్టింది.

రాత్రి అక్కడే పడుకుంది. ఉదయం ఆరింటికి ఫోను మోగింది. ఆకుపచ్చ టిక్కు. ఆమె దాన్ని నమ్మలేదు. లేచి వెళ్ళి, కాపీని తన లాప్‌టాప్‌లో విప్పి తెరిచింది. దర్జీ ఉన్నాడు, డ్రైవరు ఉన్నాడు, టీచరమ్మ ఉంది. చివరి కార్డు తండ్రిది. నిన్న వివరాల గడిలో తను కొట్టిన మాట చెక్కుచెదరకుండా ఉంది: వెంట కూతురు వస్తుంది.

పక్క గదిలోంచి తండ్రి దగ్గాడు. ఆమె ఆఫీసుకి ఫోను చేసి సెలవు అడిగింది.