ఎదురుగాలి లెక్క

ఆసుపత్రిలో మందు పెట్టె మూత తీసేసరికి మంచు నీళ్లయిపోయింది. మందు పాడైంది. ఇంకోటి తెప్పించే వ్యవధి లేదు. సాయంత్రం 6:05కి ఏడేళ్ల పాప ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున్నే తండ్రి స్టేషన్‌కొచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. దారిలో ఎవరో పెట్టె తెరిచారు, ఇది హత్యేనని. ఆయన విమానాశ్రయంలో డిస్పాచర్. ఏ విమానం ఎంత దూరం, ఎన్ని గంటల్లో వెళ్తుందో లెక్కకట్టడమే ఉద్యోగం.

ఇన్‌స్పెక్టర్ అందరినీ ఆసుపత్రి స్టోర్‌రూమ్‌లో కూర్చోబెట్టింది. ఆమెకూ ఆ ఈడు కూతురుంది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

"పెట్టె తెరిచావా?" మందు తెచ్చిన కొరియర్‌ని అడిగింది.

"లేదు మేడమ్. విమానంలో ఉన్నంతసేపూ ఒళ్లోనే పెట్టుకున్నాను."

"నువ్వు?"

"నా చేతికొచ్చి పది నిమిషాలు కాలేదు. అంతలో మంచు కరగడానికి నేనేమన్నా పొయ్యినా?" అన్నాడు స్టోర్‌కీపర్.

"తప్పు చేసినవాడెవడూ ఒప్పుకోడు," అన్నాడు తండ్రి.

ఇన్‌స్పెక్టర్ పెట్టెలోని టెంపరేచర్ రికార్డర్‌ని లాప్‌టాప్‌కి తగిలించింది.

"మూత తీసుంటే వేడి ఒక్కసారిగా ఎగబాకేది. ఇది మెల్లగా ఎక్కింది. పెట్టె మూసిన 9 గంటల 10 నిమిషాలకు మొదలైంది. అప్పటికి విమానం ఇంకా గాల్లోనే ఉంది. ఇది తొమ్మిది గంటలే చల్లగా ఉంచే పెట్టె. దీన్ని ఎంచుకున్నదెవరు?"

కొరియర్ తల దించుకున్నాడు. "రోజంతా ఆగే పెద్ద పెట్టె దొరికేది మేడమ్. దానికోసం తర్వాతి విమానం దాకా ఆగాలి. ఈ సారే ఫోన్‌లో చిన్నది చాలన్నారు."

"చాలదా మరి?" తండ్రి గొంతు లేచింది. "ఆరువేల నాలుగొందల కిలోమీటర్లు. గంటకి తొమ్మిదొందల యాభై. ఆరూ ముప్పావు గంటలు. రెండువైపులా రోడ్డు కలిపి రెండు గంటలు. ఇరవయ్యేళ్లుగా వేస్తున్న లెక్కమ్మా ఇది."

"ఇరవయ్యేళ్లుగా మీరు పంపింది ఇక్కణ్ణించి తూర్పుకి," అంది ఇన్‌స్పెక్టర్. "అటు వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. మందు తూర్పునుంచి ఇటొచ్చింది అన్నయ్యా. ఎదురుగాలి. టికెట్ మీద బయల్దేరే టైము అక్కడిది, దిగే టైము ఇక్కడిది. అందుకే ప్రయాణం నిజంగా ఎంతసేపో ఎవరికీ తట్టలేదు."

తండ్రి పెదాలు కదిలాయి. గంటకి ఏడొందల యాభై. ఎనిమిదిన్నర గంటలు. రోడ్డుతో పదిన్నర. ఆ లెక్క ఆయనకు అరక్షణం పట్టింది.

"తర్వాతి విమానం దాకా ఆగినా పాప తట్టుకునేదని డాక్టర్ చెప్పారు," అన్నాడు నెమ్మదిగా. "తొందరపడింది నేనే."

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. ఇంటికెళ్లండి."

"వద్దమ్మా. నిందితుడి పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఓసారి పెన్నివ్వండి."

ఇన్‌స్పెక్టర్ ఇవ్వలేదు. పదహారేళ్ల సర్వీసులో మొదటిసారి, కేసు తేలినందుకు ఆమె ఏడ్చింది.