మోకాలి మీద చెయ్యి

ఆస్పత్రి కిటికీలోంచి ఎండ నేల మీద పలకలా పడింది. ఆ వెలుగులో తేలే దుమ్మును తమ్ముడు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఎప్పుడూ ఇలా ఎక్కడో తేలుతుంటాడని వాడిని ఇంట్లో మబ్బు అని పిలుస్తారు. వాడికి ఆటిజం. ఏడేళ్లు నిండినా మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే అక్క చెయ్యి పట్టుకుని దాని మీద పెడతాడు. కుళాయి మీద పెడితే నీళ్లు. తలుపు మీద పెడితే షికారు.

మిగతాదంతా అక్కే చెబుతుంది. ఆమెకు పదేళ్లు. ముద్దుపేరు వాగుడుకాయ.

"వారం నుంచి మెట్లు ఎక్కనంటున్నాడు డాక్టరమ్మా," అంది అమ్మ.

"మోకాలు నొప్పా నాన్నా?" అంటూ డాక్టరమ్మ చెయ్యి చాచారు. మబ్బు గభాల్న బల్ల కిందికి దూరాడు.

"నొప్పీ లేదు, పాడూ లేదండీ," అంది వాగుడుకాయ. "కొత్తవాళ్లు ముట్టుకుంటే వాడికి గిట్టదు. మెట్లకి కొత్త రంగు వేశారు. అది నచ్చలేదు, అంతే!"

అమ్మ నవ్వింది. "మావాడి లాయరండీ ఇది. వాడి సంగతులన్నీ దీనికే తెలుసు."

"అయితే ఇంకొన్నాళ్లు చూద్దాం," అన్నారు డాక్టరమ్మ.

అమ్మ సంచీ తీసుకుని లేచింది. అప్పుడు బల్ల కింద నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చింది. అక్క చేతిని మెల్లగా లాగి, మోకాలి మీద పెట్టుకుంది.

"చక్కిలిగింతలు కావా..." అనబోయి వాగుడుకాయ ఆగిపోయింది. మోకాలు ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వేడిగా తగిలింది.

మొన్న కూడా వాడు ఆమె చెయ్యి ఇక్కడే పెట్టుకున్నాడు. ఆమె చక్కిలిగింతలు పెట్టింది. వాడు ఏడ్చాడు. అలిగాడని ఇంట్లో చెప్పింది.

అమ్మ తలుపు తీసేసింది.

"ఆగమ్మా! డాక్టరమ్మా, వాడి మోకాలు ఉబ్బింది. నేను చెప్పింది తప్పు. నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పేశాను."

డాక్టరమ్మ కింద కూర్చున్నారు. ముట్టుకోకుండా, వంగి చాలాసేపు చూశారు. "ఎప్పుడైనా గుబురు గడ్డిలో ఆడారా?"

"సెలవుల్లో పడుకుని ఆకాశం చూశాం. తర్వాత వాడి తొడ మీద గుండ్రంగా ఎర్రమచ్చ వచ్చింది. రోజురోజుకీ పెద్దదైంది." ఆమె గొంతు చిన్నదైపోయింది. "దోమ కుట్టిందని నేనే చెప్పాను."

"గడ్డిలో పిడుదు అనే పురుగు ఉంటుంది. కొన్ని పిడుదులు కరిస్తే లైమ్ అనే జబ్బు వస్తుంది. రక్తం పరీక్ష చేద్దాం."

సూది చూడగానే మబ్బు కేక పెట్టాడు. "గట్టిగా పట్టుకోండి," అంది నర్సు. వాగుడుకాయ పట్టుకోలేదు. వాడి ముందు చెయ్యి చాచి ఊరుకుంది. వాడు ఆ చేతిని తీసుకుని తన కళ్ల మీద కప్పుకున్నాడు. ఆ చీకట్లో తేనెటీగలా సన్నగా రాగం తీశాడు. రాగం ఆగేలోపే పని అయిపోయింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ వస్తే, పరీక్షలో లైమ్ అనే తేలింది. కొన్ని వారాలు మందు తాగాలి.

"ఈ మందుతో వీడికి మాటలు కూడా వస్తాయాండీ?" అమ్మ మెల్లగా అడిగింది.

"ఇది మోకాలికమ్మా. ఆటిజం ఈ జబ్బు వల్ల వచ్చింది కాదు. మీ మబ్బు మీ మబ్బులాగే ఉంటాడు. నొప్పి మాత్రం తగ్గుతుంది."

అమ్మ వాడి జుట్టు సవరించి, "అదే చాలండీ," అంది.

మందుల షాపాయన రెండు సీసాలు బల్ల మీద పెట్టాడు. "తమ్ముడికి ఏది ఇమ్మంటావు పాపా? నారింజా, స్ట్రాబెర్రీనా?"

నారింజ అన్న మాట వాగుడుకాయ నాలుక చివరి దాకా వచ్చింది. పెదాలు బిగబట్టింది. రెండు సీసాలూ తమ్ముడి ముందుకు జరిపి చెయ్యి చాచింది.

మబ్బు పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు.

వెనక నుంచి ఒక తాతగారు విసుక్కున్నారు. "తెమలండమ్మా! ఇక్కడే నాకు ఇంకో గడ్డం మొలిచేలా ఉంది."

"కొంచెం ఆగండి తాతగారూ," అంది వాగుడుకాయ, చాచిన చెయ్యి దించకుండా. "మా తమ్ముడు ఆలోచించుకుంటున్నాడు."