నీళ్ళ ట్యూబు

ఆ ల్యాబులో చివరి గదికి మంచి పేరు లేదు. రాత్రయితే అక్కడ ఉత్త నీళ్ళకి కూడా కరోనా వస్తుందని చెప్పుకునేవారు.

నవ్వకండి... రోగుల ముక్కుల్లోంచి తీసిన శాంపిళ్ళతో పాటు, మెషీన్‌లో ఒక ట్యూబు ఉత్త నీళ్ళతో పెడతారు. జబ్బున్న శాంపిల్ గీత స్క్రీన్ మీద పైకి లేస్తుంది, వైరస్ ఎంత ఎక్కువుంటే అంత తొందరగా. నీళ్ళలో జబ్బు లేదు గనక దాని గీత కిందే పడి ఉండాలి. లేచిందా — ఎక్కడో కల్తీ జరిగినట్టే. ఆ విడత శాంపిళ్ళన్నీ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి.

ఆ గదిలో గీత లేస్తోంది.

"పెద్దాయన పనే," అనేవారు గొంతు తగ్గించి. ఆ గదిలోనే ఏళ్ళ తరబడి పనిచేసిన పెద్ద టెక్నీషియన్ కరోనాతోనే పోయాడు. ఆఖరి రోజుల్లో మంచం దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ మాస్కులే. ఒక్క ముఖమైనా చూడకుండా పోయాడు పాపం. అందుకని గదిలోకి వెళ్ళగానే మాస్కు దించి, ముఖం చూపించి, "నేనేనండీ" అనడం ఎవరో మొదలుపెట్టారు. అందరూ చదువుకున్నవాళ్ళే... అందరూ చేసేవారు.

ఆ రాత్రి డ్యూటీ ఒక పసిబిడ్డ తల్లిది. బాబుని అత్తగారికి అప్పగించి వచ్చేది. తెల్లారి ఇంటికెళ్ళి, స్నానం చేసి, వాణ్ణి గుండెలకి హత్తుకుంటే గాని ఆమెకి నిద్రపట్టేది కాదు.

ఈ మధ్య గీత లేస్తున్నది ఆమె డ్యూటీలోనే. "పెద్దాయనకి నువ్వంటే అభిమానం," అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఎందుకలా అని ఆలోచించిన పాపాన ఒక్కరూ పోలేదు. చేతిలో దెయ్యం ఉండగా కారణాలతో పనేముంది?

తలుపు తీసింది. మాస్కు దించింది. "నేనేనండీ..."

భయం పోవడానికి పనయ్యేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది — మూతలు తీసిన ట్యూబుల మీదకి వంగి.

గీత లేచింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఏం కావాలండీ మీకు?" అంది. అంతా మళ్ళీ మొదలుపెట్టింది... ఈసారి మాస్కు బిగించి, ముఖం చూపించకుండా, నోరు విప్పకుండా.

నీళ్ళ గీత కదల్లేదు.

అమ్మయ్య అనుకుంది. నవ్వు కూడా వచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది... చెయ్యి తనంతట తనే మాస్కు మీదకి వెళ్ళింది.

దగ్గు లేదు, జ్వరం లేదు. అయినా శాంపిల్ తీసే పుల్ల తీసుకుని తన ముక్కులోనే పెట్టుకుంది. తన శాంపిల్ మెషీన్‌లో పెట్టి, స్క్రీన్ ముందు కూర్చుంది.

ఆ రాత్రి ఏ రోగి గీతా అంత తొందరగా లేవలేదు.

అంటే ఈ మధ్య ఆ నీళ్ళలో పడుతున్నది తన ఊపిరే. దెయ్యమే ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ఏడ్చింది. ఇంటికి ఫోన్ చేసింది.

"బాబు... ఎలా ఉన్నాడత్తయ్యా?"

"బంగారం," అంది అత్తగారు నిద్రమత్తులో. "రాత్రంతా ఒక్కసారి కూడా ఏడవలేదు. పాలకి కూడా లేవలేదంటే చూడు. ఒళ్ళు మాత్రం సాయంత్రం కాస్త వెచ్చగా ఉంది."

"లేపండి."

"పడుకోనీవే తల్లీ..."

"లేపండి అత్తయ్యా."

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. అత్తగారు బాబుని ముద్దుగా పిలుస్తోంది. మళ్ళీ పిలిచింది... తర్వాత గట్టిగా పిలవడం మొదలుపెట్టింది.