కెరటం దాటేదాకా

మధ్యాహ్నం ఆట వదిలాక దమయంతి నాడికుర్చీలను చల్లారబెట్టే పనిలో పడింది. ఒకరి ఒంటి వేడి కుర్చీలో మిగిలిపోతే రసగణకం అనే యంత్రం, తర్వాత కూర్చున్న మనిషిని కూడా ముందువాళ్ళ కిందే లెక్కేస్తుంది. పొద్దున ఒక హాస్యచిత్రానికి అదే జరిగింది. ముందాటలో వెక్కివెక్కి ఏడ్చిన ఒక పెద్దాయన కుర్చీ పుణ్యమా అని, గణకం నవ్వుల సన్నివేశంలో రెండు చావులు చేర్చింది. జనం వాటికీ నవ్వారు. తీసినవాడు మాత్రం నవ్వలేదు.

కళింగపట్నంలో ఏటేటా జరిగే తీరచిత్రోత్సవంలో ఆమె రెండో సభకు రసపాలిక. కుర్చీలు జనం నాడి చూస్తాయి, గణకం ఆ నాడిని బట్టి తెరమీద నడుస్తున్న బొమ్మను సర్దుతుంది. నాడి మందగించిన చోట కోత పెడుతుంది, ఎగిసిన చోట సాగదీస్తుంది. పెద్ద ఊళ్ళలో దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ రెండు హాళ్ళలోనూ ఒకే సినిమా ఆడి చాలాకాలమైంది. ప్రాంతీయ ఉత్సవాల్లో మాత్రం పాత మర్యాద ఇంకా కాస్త మిగిలింది. ఇక్కడ రసపాలిక పలకమీద వేలు ఆనిస్తేనే సర్దుబాటు మొదలవుతుంది. ఆనించనని మొండికేసిన పాలికను దమయంతి ఇంతవరకు చూడలేదు. తనూ మొండికేయలేదు. కమిటీలు కూర్చుని సొంత మనుషులకు బహుమతులు పంచుకున్న కాలం కంటే ఈ కాలమే నయమని, యంత్రానికి బావమరదులు ఉండరని ఆమె నమ్మకం.

నాడి లెక్కను బట్టి బహుమతి వచ్చిన చిత్రాలు నిలవగదికి చేరతాయి. రానివి ఆ సాయంత్రమే కరిగింపుకు పోతాయి. వాటిలోని ముఖాలు, గొంతులు, చెట్లు, అలలు దేనికది విడిపోయి, ఎవరెవరి బొమ్మల్లోనో అతుక్కుంటాయి. నిరుడు కరిగిన ఒక చిత్రంలో కొడుకు శవం మీద పడి ఏడ్చిన ముసలమ్మ ఇప్పుడు పళ్ళపొడి ప్రకటనలో నవ్వుతోంది.

తర్వాతి ఆట మైలపల్లి ఎర్రమ్మది. నలభై దాటిన మనిషి, తన చిత్రమున్న బొమ్మబిళ్ళను కొంగున ముడివేసి తెచ్చింది. బిళ్ళ అందుకుంటూ దమయంతి, సర్దుబాటుకు ఎక్కడెక్కడ వీలుందని రివాజుగా అడిగింది. ఎక్కడా లేదంది ఎర్రమ్మ. తాను తీసిన ఒడ్డు ఇప్పుడు సముద్రం కింద ఉందని, ఊరంతటినీ ఎక్కడో లోపలి ఊళ్ళ అంతస్తుల ఇళ్ళలోకి తోలేశారని, ఆ నేలకు మిగిలిన ఆనవాలు ఈ బిళ్ళ ఒక్కటేనని చెప్పింది. నకలు తీసుకుంటే జైలు. అందుకే ఊరు ఊరంతా బస్సులెక్కి చూడ్డానికి వచ్చింది. బహుమతి వస్తేనే అది బతుకుతుందని అందరికీ తెలుసు, అయినా ఎవరూ దమయంతిని బతిమాలలేదు. ఆమెకు అది బాగా నచ్చింది.

బొమ్మ మొదలైంది. వలలు ఆరబెట్టడం, చేపలు ఏరడం, ఇద్దరాడవాళ్ళు తట్ట కోసం తగువులాడుకోవడం. కుర్చీల దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి. ఆ తర్వాత తెరమీద ఒక పడవను నీళ్ళలోకి నెట్టారు. కెరటం పెద్దదిగా వచ్చింది, పడవ ముక్కు పైకి లేచింది.

ముందు వరసలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ వెనక వరస లేచింది, తర్వాత మగవాళ్ళు, పిల్లలు. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. సభలోని కుర్చీలన్నీ బూడిదరంగుకు తిరిగాయి. దమయంతి ముందున్న పలకమీద ఎర్రదీపం పడింది. సభ ఖాళీ అయిందని, ఈ భాగాన్ని తొలగించడానికి అనుమతి ఇమ్మని గణకం అడిగింది. సభ నిండుగా ఉందని ఆమె రాసింది. నాడి లేదని గణకం జవాబిచ్చింది. నిలబడ్డారని రాసింది. నిలబడే ప్రేక్షకులు నమూనాలో లేరంది.

అంతలో చెవిపలుకులో ఉత్సవాధికారి వాసుదేవరావు గొంతు వినబడింది. మంచివాడే కానీ, గొడవంటే ఆయనకు చెమటలు పడతాయి. వాళ్ళను కూర్చోబెట్టమన్నాడు, లేదా తొందరగా వేలు ఆనించమన్నాడు. పాలిక ఎంతకీ పలక్కపోతే గణకం తనంత తానే కోతకు దిగుతుందని గుర్తుచేశాడు. దమయంతి తన గది వదిలి సభలోకి పరిగెత్తింది.

ఎర్రమ్మ గోడవారగా నిలబడి ఉంది. మీవాళ్ళను కూర్చోమనండి, బొమ్మ పోతుంది అని దమయంతి గొంతు తగ్గించి చెప్పింది.

"పడవ కెరటం దాటనీండమ్మా, ఆళ్ళే కూకుంతారు," అంది ఎర్రమ్మ తెరమీంచి చూపు తిప్పకుండా. "సాగనంపడానికొచ్చినోళ్ళం ముందే కూలబడిపోతే, ఆ పడవకి ఇంకెవులున్నారు?"

అది ఎప్పుడో దాటిన పడవ కదా అంది దమయంతి.

"అందులో ఉన్నది మా అయ్య. ఆ పొద్దు నాను కెమెరా పట్టుకునే నిలబడ్డాను. ఇప్పుడెలాగ కూకోమంటారు?"

తెరమీద కెరటం పడవను విసిరి మళ్ళీ ఒడ్డుకే తెచ్చి పడేసింది. మనుషులు దాన్ని తిప్పి మళ్ళీ నెట్టారు. ఎర్రమ్మ ఎక్కడా కత్తిరించలేదు. ఇంత నిడివి ఎందుకని బిళ్ళ అందుకున్నప్పుడు దమయంతి మనసులో అనుకున్న మాట నిజమే. ఇప్పుడు ఆమె కూడా పడవ దాటడం కోసమే చూస్తోంది. చుట్టూ అంతమంది ఉండి ఒక్క దగ్గు కూడా వినబడలేదు. ఇన్నేళ్ళలో ఇంత నిండిన సభను ఆమె చూడలేదు, దీన్ని ఖాళీ అంటున్న యంత్రం మీద ఆమెకు ఒళ్ళు మండింది.

గదిలోకి తిరిగి వచ్చేసరికి ఎర్రదీపం ఆరి ఆరి వెలుగుతోంది. ఆమె వేలు ఆనించలేదు. పలక వెనక చెయ్యి పెట్టి, కుర్చీలను గణకంతో కలిపే నాడితీగను పట్టి లాగేసింది. పలక నల్లబడింది. బొమ్మ మాత్రం ఆగలేదు, ఎర్రమ్మ తీసిన వరసలోనే నడిచింది. చాలాసేపటికి పడవ ఆఖరి కెరటం ఎక్కి అవతలికి దిగింది. అప్పుడు సభంతా ఒక్కసారిగా కూర్చుంది. తీగ లేకపోయినా కుర్చీల దీపాలు వాటంతటవే వెలిగాయి, ఆ రంగును దమయంతి ఎన్నడూ ఎరగదు.

ఆట పూర్తయ్యేలోగా వాసుదేవరావు రొప్పుకుంటూ గదిలోకి వచ్చాడు. వచ్చేదారిలో కుర్చీలు చూశాడు కాబట్టి తిట్టడం మర్చిపోయాడు. తీగ వదులైందని తాను రాసుకుంటానన్నాడు. ఇప్పుడు కలిపేస్తే ఈ నాడికి మొదటి బహుమతి తప్పదని, కుర్చీలు ఖాళీగా ఉన్న ముక్క ఒక్కటే గణకం తీసేస్తుందని, మిగతాదంతా నిలవగదిలో భద్రంగా ఉంటుందని ఆశగా చెప్పాడు. కలపకపోతే నాడి లేని బొమ్మ కిందే లెక్క, సాయంత్రం కరిగిపోతుంది. ఆయన మాటలో అబద్ధం లేదు. దమయంతి ఎర్రమ్మను పిలిపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మొదటి బహుమతి అన్న మాట దగ్గర ఎర్రమ్మ కళ్ళు ఒకసారి మెరిశాయి, ఆశ ఎవరికి చేదు? తర్వాత కొంగు దులిపి చెయ్యి చాచింది.

"కెరటం తీసీసినాక ఇంకేటుంటాదండి అందులోన? మా బొమ్మ మాకిచ్చీండి. ఆ బహుమతేదో ఆ గణకానికే కట్టబెట్టుకోండి."

ఉత్సవానికి చేరిన బిళ్ళ మళ్ళీ గడప దాటకూడదన్నది చట్టం. దమయంతికి ఆ సంగతి కంఠతా వచ్చు. ఆట అయిపోగానే బిళ్ళ తీసి ఎర్రమ్మ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుని, దణ్ణమైనా పెట్టకుండా, తన జనం వెంట బయటికి నడిచింది. వాళ్ళ అంతస్తుల గోడమీద ఈ బొమ్మ ఎన్నిసార్లు వేసుకుంటారో, ఎన్నిసార్లు లేచి నిలబడతారో, లెక్కపెట్టే కుర్చీ అక్కడ ఉండదు.

వాసుదేవరావు గది ముందున్న మెట్లమీద కూలబడ్డాడు. ఉద్యోగం పోతుందమ్మాయ్ అన్నాడు, కోపంగా కాదు. సాయంత్రం వేదికమీద ఈ చిత్రం గురించి ఏం చెప్పమంటావని అడిగాడు.

"ఉన్న జనాన్ని లేరంది గణకం. ఆ మాటకు నేను వేలు ఆనించలేదని చెప్పండి," అంది దమయంతి. "వేదికమీదే చెప్పండి, నా పేరుతోనే."

వాకిట్లో ఎవరో నిలబడి ఉన్నారు. జీడిపప్పు కార్ఖానాల మీద బొమ్మ తీసి పలాస నుంచి వచ్చిన పిల్ల, సుభద్ర. ఆమె చిత్రం రేపు ఆడాలి. ఎర్రమ్మ కొంగు ముడి ఆమె కంటబడినట్టుంది, తనది కూడా తిరిగి ఇస్తారా అని మొహమాటపడుతూ అడిగింది. ఆమె వెనక ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, మెట్ల కింద నుంచి మరికొన్ని అడుగుల చప్పుడు వస్తోంది. వద్దని వాసుదేవరావు చెయ్యి ఎత్తాడు, మళ్ళీ తనే దించేశాడు.

"మీ బొమ్మ పేరేమిటమ్మా?" అంటూ దమయంతి బిళ్ళల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచింది.