రెండో వరస రాళ్ళు

మర్నాటి బాప్తిస్మాలకి కావలసిన తెల్లగౌన్లు మందిరం వెనకగదిలో దండెం మీద వేలాడుతున్నాయి. వాటి అంచుల్లోని రాళ్ళు తీసేసి వస్తానని పాస్టరమ్మ మధ్యాహ్నం బయలుదేరింది.

"నిన్ననే తీసేశారుగా అత్తయ్యా," అంది కోడలు. పక్క దీవి నుంచి రోగులు వచ్చే పడవ కోసం ఆమె రేవుకి వెళ్తోంది. "నాతో చెప్పారు కూడా. మళ్ళీ మర్చిపోయారు."

పాస్టరమ్మ నవ్వేసి ఊరుకుంది. ఈమధ్య ఆవిడ నవ్వేసి ఊరుకోవలసినవి ఎక్కువవుతున్నాయి. కానీ ఇది మాత్రం చేత్తో తడిమి చూసుకుంటే తప్ప మనసు కుదుటపడదు.

మందులపెట్టె, సువార్త పట్టుకుని భర్తతో ఈ దీవికి వచ్చిన కొత్తలో, ఆ రాళ్ళ ఆలోచన ఆవిడదే. సముద్రంలో దిగితే గౌన్లు గొడుగుల్లా పైకి లేచేవి. ఆడవాళ్ళు సిగ్గుతో చచ్చిపోయి, బాప్తిస్మమే వద్దనేవారు. అంచు మడతలో ఒక వరస గులకరాళ్ళు పెట్టి కుట్టేసరికి ఆ బాధ తప్పింది. వాళ్ళకి ధైర్యం చెప్పడానికి అందరికంటే ముందు నీళ్ళలో దిగేదీ ఆవిడే.

కిందటేడు చేపలమ్మే పిల్లకి మాత్రం... మనిషి బక్కపలచన, తేలిపోతుందేమోనని రెండో వరస కుట్టింది. కుట్టిందా? అదే గుర్తులేదు. ఆ పిల్ల గౌను తొడుక్కుని, "ఏంటమ్మా ఈ బరువు? నన్ను పరలోకానికి పంపుతున్నారా, నీళ్ళ అడుక్కా?" అని పకపకా నవ్వడం మాత్రం బాగా గుర్తుంది. పాస్టరుగారు ఆమెను ముంచి లేపుతుండగా పెద్ద అల వచ్చింది. అది వెళ్ళాక ఆయన చేతుల్లో ఎవరూ లేరు. మనిషీ దొరకలేదు, గౌనూ దొరకలేదు. అందరూ అలనే తిట్టుకున్నారు. ఈ ఏడు ఏ గౌనుకీ రాళ్ళు ఉండకూడదని ఆవిడ మాత్రం అనుకుంది.

వెనకగదికి కిటికీ లేదు. మేకలు దూరకుండా గడియ బయటివైపే పెట్టించారు. లోపల ఫినాయిలు, ముతకగుడ్డ, ఉప్పుగాలి కలిసిన వాసన. కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయిందని పాస్టరమ్మకి అప్పుడు తెలిసింది. అది లేకపోతే సూదిలో దారం ఎక్కించడం అటుంచి, ఆవిడకి సూదే కనపడదు. తడమడానికి వేళ్ళు చాలు కదా అనుకుంది. ఒక్కో గౌను అంచూ పట్టి చూసింది. అన్నీ పొడిగా, పల్చగా ఉన్నాయి. కోడలు చెప్పిందే నిజం. హమ్మయ్య అనుకుని, తీసిన రాళ్ళు వేసే డబ్బా అందుకుని ఊపింది.

డబ్బా ఖాళీ.

అంతలో గాలి లేచింది. తలుపు దబ్బుమని మూసుకుంది. బయట గడియ జారిపడిన చప్పుడు. వెంటనే రేకులమీద వాన. ఆవిడ కేకలు ఆవిడకే వినపడలేదు. గది చీకటైపోయింది. తలుపు బాది బాది అరచేతులు మండాయి.

ఎప్పటికో వాన కాస్త తగ్గింది. అప్పుడు వినిపించింది... బొట్టు. మళ్ళీ బొట్టు. కప్పు కారుతోందేమోనని చెయ్యి చాపింది. చివరి గౌను తగిలింది. తడిసి ముద్దగా ఉంది. ఇందాక పొడిగా ఉన్న గౌనే. చెయ్యి కిందికి జార్చింది...

అంచు బరువుగా ఉంది.

వెనక్కి తగ్గి తలుపుకి ఆనుకుంది. చేపల నీచు గుప్పుమంది. టక్... టక్... గులకరాళ్ళు నేలకి తగులుతున్న చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... పాదాల దగ్గర ఆగింది. ఎవరో చీర అంచు మెల్లగా పట్టుకున్నారు.

"ఒక్క వరస చాల్లేదమ్మా..." చల్లటి గుసగుస. "తేలిపోతున్నాను..."

ప్రభువా అనబోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు.

తలుపు తెరుచుకుంది. లాంతరుతో కోడలు. "ఇల్లంతా వెతికాను అత్తయ్యా. ఇదిగో, కళ్ళజోడు మర్చిపోయారని తెచ్చాను. లేవండి."

చెయ్యి పట్టుకుని లేవబోయింది. చీర లేవలేదు. నేలకి అతుక్కున్నట్టు కిందికి లాగుతోంది.

కోడలు లాంతరు దించి చూసింది. "ఇవెప్పుడు కుట్టుకున్నారు అత్తయ్యా?" అంది, గొంతు తగ్గించి.

పాస్టరమ్మ కష్టంమీద లేచి నిలబడి కళ్ళజోడు పెట్టుకుంది. చీర అంచు పొడుగునా రాళ్ళు... రెండు వరసలు. వేలెడు దూరానికో ముడి. దీవి మొత్తంమీద అలా ముడి వేసి కుట్టేది తనొక్కతే.

తడిదారం చివర సూది వేలాడుతోంది. ఇద్దరూ కదలకుండా నిలబడి ఉన్నారు. సూది మాత్రం ఊగుతోంది.